స్కూలు మీటింగుకి లాయరెందుకన్నారు

"ఇది స్నేహపూర్వకమైన సమావేశం. దయచేసి తల్లిదండ్రులు మాత్రమే రండి" అని స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. లాయరుని వెంటబెట్టుకుని వస్తానని నేను రాసిన రెండు లైన్లకు అది జవాబు. స్నేహం అన్న మాట చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది. అంతకు మూడు నెలల ముందు ఇంతే స్నేహంగా కూర్చోబెట్టి, ఇంతే తియ్యగా మాట్లాడి, మా అమ్మాయిని సగం రోజుకే ఇంటికి పంపించేసింది ఈ పెద్దమనుషులే.

మాది నెల్లూరు వైపు. అబూ ధాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాలో రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు, చుడీదార్లు కుడతాను. మా ఆయన రాస్ అల్ ఖైమాలో క్వారీలో ఫోర్‌మన్, వారానికోసారి ఇంటికి వస్తాడు. మాకు ఒక్కతే కూతురు. ఈ గొడవంతా జరిగేనాటికి దానికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి.

దానికి మాట ఆలస్యం. పుట్టినప్పుడు ఊపిరందక కొంచెం ఇబ్బంది పడింది, అందువల్లే అన్నారు డాక్టర్లు. ఏదైనా అడిగితే జవాబు దాని లోపల ఎక్కడో తయారై, మెట్లెక్కి వచ్చినట్టు నెమ్మదిగా పైకి వస్తుంది. రాత ఇంకా ఆలస్యం. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. ఇది తల్లి ప్రేమతో అంటున్న మాట కాదు. 2020లో స్కూళ్లు మూసేసి చదువులన్నీ ట్యాబుల్లోకి వచ్చినప్పుడు నేను పక్కనే కూర్చుని కళ్లారా చూశాను. టీచరు ప్రశ్న అడిగేది. మా అమ్మాయి మైకు ఆన్ చేసేది. ఐదు సెకన్లు కాగానే టీచరు "నెక్స్ట్" అనేసి ఇంకో పిల్లని పిలిచేది. అప్పుడు మా అమ్మాయి, ఎవరూ వినని తెరకి, సరైన జవాబు చెప్పేది. అలా ఒక ఏడాదంతా చెప్పింది. నేను చేతిలో గుడ్డ పట్టుకుని ఏమీ చెయ్యలేక చూస్తూ కూర్చున్నాను.

నాలుగో తరగతిలో మా అదృష్టం కొద్దీ మంచి క్లాసు టీచరు దొరికింది. విశాఖపట్నం అమ్మాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సైన్సు ఆవిడే చెప్పేది. బడి వదిలాక గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి మాట్లాడేది.

"మీ పాపకి పది అంకెలు లెక్కెట్టినంత టైమిస్తే చాలండి. కరెక్టుగా చెప్తుంది. నిన్న ఆకుల్లో పచ్చదనం ఎందుకుంటాదని అడిగితే క్లాసు మొత్తంలో అదొక్కతే చెప్పింది" అంది ఒకరోజు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఈ దేశంలో ఇలాంటి పిల్లల్ని ప్రభుత్వం వాళ్లు పట్టుదల గలవాళ్లు అంటారు. పీపుల్ ఆఫ్ డిటర్మినేషన్. వికలాంగులు అన్న మాట బోర్డుల మీద కనిపించదు. మంచి పేరే పెట్టారు, కాదనను. ఆసుపత్రి కౌంటర్ల దగ్గర ఆ బోర్డు చూస్తే నాకు బాగానే ఉంటుంది. మామూలు స్కూళ్లు ఈ పిల్లల్ని చేర్చుకోవాలని రూలు కూడా ఉంది. ఒక్కొక్క పిల్లకీ ఒక ప్లాను రాయాలి. ఏ పాఠంలో ఎంత సాయం చెయ్యాలి, పరీక్షలో ఎంత సమయం ఎక్కువివ్వాలి, ఎవరు పక్కన కూర్చోవాలి, అన్నీ అందులో ఉండాలి. ఆ ప్లాను రాయడానికి తల్లిదండ్రుల్ని మీటింగుకి పిలుస్తారు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

మొదటి మీటింగుకి పిలుపొచ్చినప్పుడు మా ఆయనకి సెలవు దొరకలేదు. నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది కానీ పదిమంది ముందు నోరు పెగలదు. ఇక్కడ మనవాళ్లకి ఒక అలవాటుంది. పోలీస్ స్టేషన్‌కి పోవాలన్నా, లేబర్ ఆఫీసుకి పోవాలన్నా, కంపెనీ మేనేజరు, అదే ముదీర్, కోపంగా ఉన్నాడని తెలిసినా, మన తరఫున మాట్లాడటానికి ఒక పెద్దమనిషిని తీసుకుపోతాం. మా వాళ్లందరికీ ఆ పెద్దమనిషి బనియాస్‌లో వీసా అర్జీలు రాసిచ్చే టైపింగ్ సెంటర్ నడిపే అన్న. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు. అరబీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వచ్చు. వీసా దాటిపోయిన వాళ్లకి జరిమానా తగ్గించడం, పారిపోయాడని వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పెట్టిన కేసు వెనక్కి తీయించడం, ఇలా ఎంతమందిని ఒడ్డున పడేశాడో లెక్కలేదు. పైసా ఆశించడు. మంచివాడు. ఆయన మంచితనం గురించి నేనిప్పటికీ ఒక్క మాట అనను.

ఆయన్నే తీసుకుపోయాను. నేను చేసిన తప్పు అది. పోతూ పోతూ కారులో ఆయన నాకు ఒక్కటే చెప్పాడు.

"నువ్వేం మాట్లాడబాకమ్మా. వాళ్లేమన్నా తలకాయ ఊపు. నేను చూసుకుంటా."

స్కూల్లో పెద్ద బల్ల చుట్టూ అప్పటికే ఏడుగురు కూర్చుని ఉన్నారు. ప్రిన్సిపాల్, ఇలాంటి పిల్లల విభాగం చూసే మేడమ్, కౌన్సెలర్, సూపర్‌వైజర్, క్లాసు టీచరు, ఇంకా ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరో ఎవరూ చెప్పలేదు. నాకు తలుపు పక్కన కుర్చీ వేశారు. మా అమ్మాయి క్లాసులో వెనకబడుతోందని, మిగతా పిల్లల వేగానికి అందుకోలేక ఒత్తిడికి గురవుతోందని, అది చూడలేక తమకి బాధగా ఉందని ప్రిన్సిపాల్ చెప్పింది. ఒత్తిడి ఎవరికో నాకు తెలుసు. క్లాసు టీచరు నోరు విప్పుతుందని ఆమె వైపే చూశాను. పది అంకెల సంగతి చెబుతుంది, ఆకుల సంగతి చెబుతుంది అనుకున్నాను. ఆమె తల వంచుకుని తన రిజిస్టరులో గీతలు గీసుకుంటూ కూర్చుంది.

అప్పుడు మా అన్న రంగంలోకి దిగాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మేడమ్, మాఫ్ కీజియే. బచ్చీ హై. మాబాప్ గరీబ్ లోగ్ హై. ఈసారికి మీరు పెద్దమనసు చేసుకోండి."

ముప్పై ఏళ్లుగా అన్ని ఆఫీసుల్లో పనిచేసిన మంత్రం అది. తప్పు చేసిన కూలీవాడి తరఫున అధికారి ముందు నిలబడి జాలి పుట్టించడం ఆయనకి తెలిసిన విద్య. ఇక్కడ తప్పు చేసిన వాళ్లెవరూ లేరని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది, కానీ తలకాయ ఊపమన్నాడు కదా, ఊపుతూ కూర్చున్నాను. అవతలివాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. పిల్ల రెండు పీరియడ్లు క్లాసులో కూర్చుంటుందని, తర్వాత సపోర్ట్ రూములో కాసేపు ఉంటుందని, పదకొండింటికి ఇంటికి తీసుకుపోవచ్చని అన్నారు. అన్న సంతోషంగా "షుక్రియా" అన్నాడు. కాగితం నా ముందుకు వచ్చింది. సంతకం పెట్టాల్సిన చోట పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది.

"పెట్టమ్మా, ఖలాస్" అన్నాడు. పెట్టాను.

బయటికొచ్చాక ఆయన గెలిచినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. "వాళ్లు పూర్తిగా తీసేద్దామనుకున్నట్టుండారమ్మా. సగం రోజుకన్నా ఒప్పించినా."

తీసేస్తామని వాళ్లు ఒక్క మాట అనలేదు. అనే అధికారమూ వాళ్లకి లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు మా పక్కన లేకపోయారు. వాళ్ల పక్కన మాత్రం ఉన్నారు, అది నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత మూడు నెలలు నేను రోజూ పదకొండింటికి స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. ఎండలో, కుట్టాల్సిన బట్టలు ఇంట్లో వదిలేసి. అది పెద్ద విషయం కాదు. దారిలో మా అమ్మాయి గడియారం చూసి చెప్పేది. "ఇప్పుడు సైన్సు... మొదలైంది." ఇంకో పది నిమిషాలకి "ఇప్పుడు... టీచరు బోర్డు మీద రాస్తుంటుంది." టైంటేబుల్ మొత్తం దానికి కంఠతా వచ్చు. ఒకరోజు బస్టాపులో నిలబడి నన్ను అడిగింది. మామూలుగా దాని మాట కోసం ఎదురుచూడటం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం అది మొదలుపెట్టగానే ఏమడగబోతోందో నాకు తెలిసిపోయింది, వినకుండా పారిపోవాలనిపించింది.

"అమ్మా... నేనేం... తప్పు చేశా?"

మాఫీ అడిగొచ్చింది నేను. దగ్గరుండి అడిగించింది నేను. ఇంటికొచ్చి దానికి అన్నం పెట్టి, మిషను ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక కోపం మిగిలింది. ఆ కోపం మంచిదే అయింది.

నా దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లలో ఒక మలయాళీ లాయరమ్మ ఉంది. సిటీలో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది, కంపెనీల కాగితాలు చూస్తుంది. మనిషి ముక్కుసూటి. కొలతలు తీస్తుంటే కూడా ఫోన్లో ఎవరినో దులిపేస్తుంటుంది. ఆమె బ్లౌజు తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను సంతకం పెట్టిన కాగితం చూపించాను. నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"యే కిస్‌నే సైన్ కియా?" అంది.

"నేనే" అన్నాను.

"నెక్స్ట్ మీటింగ్ కబ్ హై? మై ఆవూంగీ" అంటూ తానే వస్తానంది. అంతే. అప్పుడు రాసిందే స్కూలుకి ఆ రెండు లైన్ల మెయిలు.

ఆ వారం మా ఆయన ఇంటికొచ్చి విషయం విని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"లాయర్ని తీసకపోతే స్కూలోళ్లు కక్ష పెట్టుకోరా మే? రేపు మా కంపెనీకి ఫోన్ చేశారనుకో, నా వీసా ఏం గావాల? మనం వచ్చింది బతకడానికా, కొట్లాటకా?"

"దాన్ని సగం రోజు మనిషిని చేసి బతకమంటావా?" అన్నాను. ఆయన ఒప్పుకున్నాడనీ కాదు, అడ్డుపడ్డాడనీ కాదు. ఆదివారం మళ్లీ క్వారీకి వెళ్లిపోయాడు. బనియాస్ అన్న కూడా ఫోన్ చేశాడు. "లాయర్లు దూరితే మనసులు ఇరిగిపోతాయమ్మా. అది చదువుల జాగా, కోర్టు గాదు" అన్నాడు. చాలామంది ఇలాగే అంటారు. నాతో అరబీ క్లాసులకి వచ్చే ఇద్దరు తల్లులు కూడా అన్నారు. లాయరు వస్తే టీచర్లు బెదిరిపోతారు, పిల్లని ప్రేమగా చూడరు, ప్రతి మాటా కాగితం మీదకి పోతుంది అని. నాకూ ఆ భయం లేకపోలేదు.

రెండో మీటింగుకి వెళితే గదిలో అందరూ లేచి నిలబడ్డారు. నాకు బల్ల దగ్గరే కుర్చీ. మంచినీళ్ల సీసా. మొదటిసారి తలుపు పక్కన కూర్చున్న మనిషీ, ఈసారి "మేడమ్" అనిపించుకున్న మనిషీ నేనే. మారింది నా పక్కనున్న ఆ నల్లకోటు ఒక్కటే. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు రగిలిపోతుంది.

ప్రిన్సిపాల్ మళ్లీ స్నేహం గురించి మొదలుపెట్టింది. ఇది కుటుంబం లాంటి వ్యవహారమని, మూడో మనిషి ఉంటే మనసు విప్పి మాట్లాడుకోలేమని అంది. లాయరమ్మ తల ఊపి, మొదటి మీటింగులో ఎవరో చెప్పకుండా కూర్చున్న ఇద్దరిలో ఒకాయన వైపు తిరిగి నవ్వింది.

"సార్, మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు? మీ పాత ఆఫీసు మా పక్క ఫ్లోరే కదా" అంది ఇంగ్లీషులో.

ఆయన ఇదివరకు ఒక లా ఫర్మ్‌లో పనిచేసేవాడట. ఇప్పుడు స్కూల్లో రూళ్ల వ్యవహారం చూసే కంప్లయన్స్ ఆఫీసరు. అంటే మొదటి రోజు నుంచీ వాళ్ల పక్కన చట్టం చదివినవాడు కూర్చునే ఉన్నాడు. ఇంకో పేరు పెట్టుకుని, టీ తాగుతూ. నా పక్కన ఒకావిడ కూర్చునేసరికి స్నేహం చెడిపోయిందట. నేను అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు మాత్రం నాకు వచ్చిన ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. "మీ లాయరు వస్తే కుటుంబం, నా లాయరు వస్తే మూడో మనిషా?" అని. వ్యాకరణం ఎలా పోయిందో తెలియదు, అందరికీ అర్థమైంది.

లాయరమ్మ మూడే ప్రశ్నలు అడిగింది. సగం రోజు పంపాలని ఎవరు నిర్ణయించారు? పిల్లని ఎవరు, ఎన్నిసార్లు గమనించి రాశారు? ఏ రూలు ప్రకారం? మూడిటికీ వాళ్లు నేను సంతకం పెట్టిన కాగితాన్నే చూపించారు. తల్లి ఒప్పుకుంది కదా అన్నారు.

"ఒప్పుకున్న తల్లి వెనక్కి తీసుకుంటోంది" అని లాయరమ్మ నా ముందు తెల్లకాగితం పెట్టింది. నా చేత్తో నేనే రాశాను. ఈసారి ఏం రాస్తున్నానో నాకు తెలుసు.

తర్వాత ఆమె క్లాసు టీచరు వైపు తిరిగింది. "రోజూ పిల్లని చూసేది మీరే కదా. మీరు చెప్పండి" అంది. టీచరు నోరు తెరవబోయింది. ఆ కంప్లయన్స్ ఆయన చెయ్యి అడ్డంపెట్టి, టీచరు అభిప్రాయాలన్నీ రిపోర్టులో ఉన్నాయి, విడిగా అవసరం లేదు అన్నాడు. టీచరు మళ్లీ రిజిస్టరులోకి తల దించేసింది.

గంటన్నరలో అయిపోయింది. సోమవారం నుంచి పూర్తి రోజు. పక్కన సహాయానికి మనిషి. పరీక్షల్లో ఎక్కువ సమయం. అన్నీ రాసి ఇచ్చారు. మూడు నెలలు జరగనిది గంటన్నరలో జరిగింది. సంతోషించాలి కదా. సంతోషించాను. కానీ ఒక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ గంటన్నరలో మా లాయరమ్మ మా అమ్మాయిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. స్టూడెంట్, స్టూడెంట్ అంది. అదెలా ఉంటుందో, ఏది ఇష్టమో, ఎంతసేపటికి మాట్లాడుతుందో ఎవరూ అడగలేదు. మనిషిని చూడకుండా కొలతల కాగితం ఒక్కటే పంపి బట్టలు కుట్టమన్నట్టుంది. లాయర్లు వద్దనేవాళ్లు చెప్పేదీ ఇదే, అందులో అబద్ధం లేదు. పిల్లల గురించి మాట్లాడుకోవాల్సిన చోట మేం రూళ్ల గురించి మాట్లాడుకున్నాం. నేను బయటికొచ్చేటప్పుడు మనసులో ఆ ముల్లు ఉంది.

లాయరమ్మ ఆఫీసు పనుందని కారెక్కి వెళ్లిపోయింది. నేను గేటు వైపు నడుస్తుంటే వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. క్లాసు టీచరు. చుట్టూ చూసి, కార్ల వెనక్కి నన్ను పిలిచింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లాయర్ని తేకుండా ఉండాల్సిందండి. నేనే అన్నీ చెప్దామనుకున్నాను. రాసుకుని కూడా వచ్చాను. లాయరొస్తోందని తెలిసాక, మీటింగులో ఒక్క ముక్క మాట్లాడొద్దని నిన్న సాయంత్రం పిలిచి చెప్పేశారు" అంది. చేతిలో మడత పెట్టిన కాగితం చూపించింది. అందులో తారీఖులు వేసి మా అమ్మాయి చెప్పిన జవాబులు రాసుకుంది. ఆకులు, అయస్కాంతం, చంద్రుడు.

నా కోపమంతా ఆ కాగితం మీదికి వచ్చేసింది.

"మొదటి మీటింగుకి లాయరు రాలేదు కదా టీచర్. అప్పుడెందుకు మాట్లాడలేదు?" అన్నాను.

మా అమ్మాయి జవాబు కోసం ఎదురుచూసినట్టే నేను ఎదురుచూశాను.

"నా వీసా స్కూలుదేనండి" అంది చివరికి. "మా ఆయనది కూడా నా వీసా మీదే. తీసేస్తే ముగ్గురం వెళ్లిపోవాలి. మా బాబుకి రెండేళ్లు."

నాలుగు మాటలు అందామని నోట్లోకి తెచ్చుకున్నవి అక్కడే ఆగిపోయాయి. నా మొగుడు వారం కిందట నెత్తిన చేతులు పెట్టుకుని అన్నదీ ఇదే మాట. ఆమె మీద కోపం పోయింది. మిగతావాళ్ల మీద మాత్రం రెండింతలైంది. మా అమ్మాయి గురించి అందరికన్నా బాగా తెలిసిన మనిషికి ఆ గదిలో నోరు లేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఆ స్కూలు వీసా లేనిది ఇద్దరికే. ఒకటి నేను. నాకు మాట రాదు. రెండోది ఆ లాయరమ్మ. ఆమెకి మా అమ్మాయి తెలియదు. అయినా ఆమెని ఎవరూ రాత్రికి రాత్రి విమానం ఎక్కించలేరు. అందుకే ఆ గదిలో అడగాల్సింది అడిగింది.

టీచరు ఆ కాగితం నా చేతిలో పెట్టి, ఎవరైనా చూస్తారేమో అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి టర్ము మీటింగుకి మళ్లీ మెయిల్ వచ్చింది. స్నేహపూర్వకమైన వాతావరణంలో, తల్లిదండ్రులు మాత్రమే. నేను ఆ టీచరు రాసిన జవాబులన్నీ నా చేతిరాతతో వేరే కాగితంలోకి ఎక్కించుకున్నాను. ఆవిడ రాసిన కాగితం ఎవరి కంటా పడకుండా చింపేశాను. లాయరమ్మని ఇంటికి పిలిచి మా అమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టి, ఏదైనా అడిగి పది లెక్కపెట్టమన్నాను. అడిగింది. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. ఏడు దగ్గర జవాబొచ్చింది.

స్కూలుకి ఒక్క లైను రాశాను. లాయరు వస్తారు, ఈసారి పిల్ల పేరు ఆవిడకి తెలుసు.